మెడ రక్తనాళం గోడ 0.9 మిల్లీమీటర్లు ఉందట, నాకూ గుండెపోటు వస్తుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉంది. రెండేళ్ల కిందట మా అన్నయ్య 51వ ఏట గుండెపోటుతో పోయారు. ఆ రాత్రి ఛాతీలో మంటగా ఉందంటే గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టాం. తెల్లవారేసరికి మనిషి లేరు. అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. గత నెల విజయవాడ వెళ్లి ఒక పరీక్షా కేంద్రంలో పరీక్షలన్నీ చేయించుకున్నాను. మెడకు స్కానింగ్ కూడా చేశారు. రక్తనాళం గోడ మందం కుడివైపు 0.7, ఎడమవైపు 0.9 మిల్లీమీటర్లు ఉందని, ఫలకాలు లేవని రాశారు. 0.9 కింద ఎర్ర గీత గీశారు. అంటే రక్తనాళం మూసుకుపోతున్నట్టేనా? మా బావమరిది వెంటనే యాంజియోగ్రామ్ చేయించుకోమంటున్నాడు. తెలిసినవారు ఒకరు సెలైన్‌లో మందు ఎక్కించి రక్తనాళాలు శుభ్రం చేస్తారు, అక్కడికి వెళ్లమంటున్నారు. మూడు నెలలకోసారి స్కానింగ్ చేయించుకుందామని నా ఆలోచన. రాత్రిళ్లు నిద్ర పట్టక మెడ రెండు వైపులా నొక్కి చూసుకుంటున్నాను. రిపోర్టులో మిగతావి పెద్దగా ఏమీ లేవు. బీపీ 152/94 వచ్చింది కానీ అప్పుడే మెట్లెక్కి వెళ్లాను, టెన్షన్ కూడా ఉంది. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 148, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.1. సిగరెట్లు రోజుకు ఐదారు, అంతే. అన్నయ్య కొడుకు ఇప్పుడు నాతోపాటే కొట్లో కూర్చుంటున్నాడు, వాడికి 24 ఏళ్లు. నన్నేం చేయమంటారు?

– పేరు రాయవద్దన్న పాఠకుడు, గుంటూరు

సమాధానం: రాత్రిళ్లు మెడ నొక్కి చూసుకోవడం ఈ రోజుతో ఆపేయండి. దవడ కింద, మెడ ధమని రెండుగా చీలే చోట, రక్తపోటును కనిపెట్టే నాడుల గుంపు ఒకటి ఉంటుంది. అక్కడ గట్టిగా నొక్కితే గుండె వేగం ఒక్కసారిగా తగ్గి కళ్లు తిరగవచ్చు, కొందరు స్పృహ తప్పి పడిపోతారు కూడా. రెండు వైపులా కలిపి అసలే నొక్కకూడదు. పైగా గోడ ఎంత మందంగా ఉందో వేళ్లకు తెలిసే అవకాశమే లేదు.

మీ ఉత్తరంలో 'సోడా తాగించి పడుకోబెట్టాం' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట మీరు ఎంత బరువుతో రాసి ఉంటారో నాకు తెలుసు. ఆ రాత్రి మీరు చేసింది మన ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ చేసే పనే. గుండెపోటు చాలాసార్లు మంటలాగా, కడుపు ఉబ్బరంలాగా, ఎడమ చేతి లాగుడులాగా వస్తుందని మీకు ఎవరూ చెప్పలేదు. ఆ తప్పు మీ మీద వేసుకోకండి. ఇకమీదట మాత్రం నలభై దాటిన మనిషికి ఛాతీలో మంటో బరువో పదిహేను నిమిషాలైనా తగ్గకపోతే, చెమటలు పడుతుంటే, గ్యాసా కాదా అన్న చర్చ ఇంట్లో పెట్టుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే చోటికి తీసుకెళ్లండి. ఆ తేడా తేలేది అక్కడే.

ఇప్పుడు మీ స్కానింగ్ సంగతికి వస్తాను. ఆ గదిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. తల ఒక పక్కకు తిప్పమని, మెడ మీద చల్లటి జెల్ రాసి, పరికరాన్ని ఆనించి ఉంటారు. తెర మీద మెడ ధమని నిలువునా కోసిన గొట్టంలా కనిపిస్తుంది. అవతలి గోడను దగ్గరగా చూస్తే రెండు తెల్లటి గీతలు, వాటి మధ్య సన్నటి నల్లటి చార ఉంటాయి. మొదటి గీత రక్తం గోడను తాకే అంచు. రెండోది గోడలోని మధ్య పొర, బయటి పొర కలిసే అంచు. ఈ రెండు అంచుల మధ్య దూరమే మీ రిపోర్టులోని 0.9. గోడ లోపలి పొరను ఇంటిమా అని, మధ్య పొరను మీడియా అని అంటారు కాబట్టి ఆ కొలతకు ఇంటిమా మీడియా మందం అని పేరు. ఇటలీలో పావొలో పిన్యోలి బృందం 1986లో ఈ పద్ధతిని వివరించింది. అప్పటి నుంచి ప్రపంచమంతా కొలుస్తున్నారు.

గుండె జబ్బు కోసం మెడను ఎందుకు చూడాలి? ఇది మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. లాట్ మొత్తం విప్పి చూడలేరు కాబట్టి కొనేవారు ఒక టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి మచ్చు చూస్తారు. రంగు చూస్తారు, తేమ చూస్తారు, తొడిమ విరిచి చూస్తారు. గుండె చుట్టూ ఉండే ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్ల గొట్టాలు, ఛాతీ లోతున ఉంటాయి, గుండెతో పాటు క్షణం ఆగకుండా కదులుతుంటాయి. మెడ ధమని చర్మం కిందే నిటారుగా, కదలకుండా ఉంటుంది. కొవ్వు చేరి ధమనులు గట్టిపడే జబ్బు ఒంట్లో ఒక్కచోట ఆగేది కాదు కనుక, మెడలో కనిపించిన దాన్ని బట్టి గుండెలో ఏం జరుగుతుందో అంచనా వేస్తారు. అది మచ్చు మాత్రమే. మీరైనా ఒక్క గుప్పెడు చూసి లాట్ ధర ఖాయం చేయరు కదా.

మూసుకుపోతోందా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను: లేదు. ఆ ధమని లోపల రక్తం పారే దారి సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దానికి గోడ 0.7 ఉన్నా 0.9 ఉన్నా ప్రవాహానికి అడ్డం రాదు. అడ్డం వచ్చేది ఫలకం. అంటే గోడలో ఒకచోట లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ లాంటిది. గోడ ఒకచోట ఒకటిన్నర మిల్లీమీటరు దాటినా, చుట్టుపక్కల గోడ కన్నా సగానికి పైగా లోపలికి ఉబికినా దాన్ని ఫలకం అంటారు. మీకు అది లేదని రాశారు. ఆ మాట కింద ఎవరూ గీత గీయలేదు కానీ, మీ రిపోర్టులో నాకు ధైర్యమిచ్చిన మాట అదే.

అలాగని 0.9ని తీసిపారేయమని చెప్పను. యువకుల్లో ఈ గోడ అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. వయసుతో పాటు ఏడాదికి సుమారు 0.01 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మీ వయసుకు 0.9 ఎక్కువే. అనేక అధ్యయనాలను కలిపి 2007లో వేసిన లెక్క ప్రకారం, మందం 0.1 మిల్లీమీటరు పెరిగితే గుండెపోటు ముప్పు 10 నుంచి 15 శాతం, పక్షవాతం ముప్పు 13 నుంచి 18 శాతం పెరుగుతాయి. ఎర్ర గీత గీసినవారి మనసులో ఉన్నది ఇదే అయి ఉంటుంది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 2012లో 14 అధ్యయనాల నుంచి 45,828 మంది వివరాలను కలిపి ఒక ప్రశ్న వేశారు. ఒక మనిషి వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగ అలవాటు మనకు ముందే తెలిసి ఉంటే, దానికి ఈ మెడ కొలత జోడించడం వల్ల అంచనా ఎంత మెరుగుపడుతుంది? దాదాపు ఏమీ లేదని తేలింది. ఓ మోస్తరు ముప్పు ఉన్నవారిలో కూడా వైద్యం మార్చదగినంత తేడా రాలేదు. 2010లో కొందరికి ఈ పరీక్ష చేయవచ్చన్న అమెరికా హృద్రోగ సంఘాలే 2013కు వచ్చేసరికి మామూలుగా చేయవద్దన్నాయి. యూరప్ నిపుణులు 2021 మార్గదర్శకాల్లో అదే మాట చెప్పారు. కొలిచే పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉండటం అందుకు వారు చెప్పిన కారణం. ఫలకం ఉందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం వారు ఇంకా విలువ ఇస్తున్నారు.

అందుకే మీ ఉత్తరంలో నాకు భయం వేసిన చోటు వేరే ఉంది. 'రిపోర్టులో మిగతావి పెద్దగా ఏమీ లేవు' అని రాశారు చూడండి, అక్కడ. మీ ప్రమాదమంతా ఆ 'మిగతావి'లోనే ఉంది. కేరళలో పుట్టి కెనడాలో పనిచేసిన సలీం యూసుఫ్ నాయకత్వంలో, మన దేశంతో సహా 52 దేశాల్లో గుండెపోటు కారణాలను వెతికిన అధ్యయనం 2004లో వెలువడింది. మొదటిసారి వచ్చే గుండెపోట్ల ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది అంశాలతోనే సంబంధం ఉందని తేల్చింది. రక్తంలో చెడు కొవ్వులు, పొగ, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, కూరగాయలు పండ్లు తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాటు తీరు. మెడ ధమని మందం వాటిలో లేదు. వాటి వల్లే అది పెరుగుతుంది. మన ప్రాంతపు దేశాలవారికి గుండెపోటు మిగతావారికన్నా చిన్న వయసులో వస్తోందని కూడా ఆ అధ్యయనంలోనే బయటపడింది.

బీపీతో మొదలుపెడదాం. స్కానింగ్‌లో ఇంటిమా, మీడియా పొరలు విడివిడిగా కనిపించవు, రెంటినీ కలిపే కొలుస్తారు. మధ్య పొరలో ఉండేది కండరం. లోపలి ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, బరువులు మోసే మనిషి భుజంలా ఆ కండరం దళసరి అవుతుంది. కాబట్టి మీ 0.9లో కొంత భాగం, బహుశా పెద్ద భాగమే, మెట్ల మీదికీ టెన్షన్ మీదికీ నెట్టేసిన ఆ 152/94 పని అయి ఉండవచ్చు. ఒక్క కొలతతో బీపీ ఉందని తేల్చకూడదు, నిజమే. అంతకన్నా ఒక్క కొలతను సాకుతో వదిలేయడం పెద్ద పొరపాటు. చేతికి పట్టీ చుట్టే మంచి బీపీ యంత్రం ఒకటి కొనండి. వారం రోజులు ఉదయం, రాత్రి చూడండి. చూసే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చుని, చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రాసుకోండి. కొట్లో ఫోన్లు మాట్లాడుతూ తీసింది లెక్కలోకి రాదు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు చూడండి. అది 135/85 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మీకు బీపీ ఉన్నట్టే. ఆ కాగితంతోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఉప్పు గురించి గుంటూరు మనిషికి చెప్పడం నాకూ కష్టమే. ఆవకాయ, గోంగూర పచ్చడి, పెరుగన్నంలోకి రెండు ఊరమిరపకాయలు, పక్కన అప్పడం. నేనూ వీటితోనే పెరిగాను. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో, పప్పులో వేసింది కూడా కలిపే ఆ లెక్క. మీ కారానికి నేను అడ్డం రాను, కారం వల్ల బీపీ రాదు. పచ్చడి మాత్రం రోజూ రెండు పూటలా వద్దు. ఊరమిరపకాయలు పండగ రోజుకు దాచుకోండి.

సిగరెట్లు 'ఐదారు, అంతే' అన్నారు. ఆ 'అంతే' గురించి 2018లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది, 141 అధ్యయనాల సమాచారం కలిపి చేసినది. రోజుకు ఇరవై సిగరెట్లు కాల్చే మగవారికి గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా ఉంటుందో, రోజుకు ఒకే ఒక్కటి కాల్చేవారికి అందులో దాదాపు సగం ఉందని తేలింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో సంఖ్య తగ్గిన కొద్దీ ముప్పు తగ్గుతుంది. గుండె విషయంలో ఆ లెక్క నడవదు. కాబట్టి ఆరును మూడు చేసుకుని ఊరట పడవద్దు, పూర్తిగా మానాలి. మానిన ఏడాదికి ఆ అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది. ఒక్కరివల్ల కాకపోతే 1800 11 2356 అనే ఉచిత నంబరు సిగరెట్ పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది, దానికి ఫోన్ చేయండి. నికోటిన్ చూయింగ్ గమ్, మందులు ఉన్నాయి. వాటి సాయం తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. మీరు ఒక్క పనే చేయగలనంటే, ఈ పని చేయమంటాను.

ఎల్‌డీఎల్ 148 విడిగా చూస్తే చాలామందికి ఉండే అంకె. 51 ఏళ్లకే పోయిన అన్న, మీ బీపీ, పొగ, షుగర్ అంచుకు వచ్చిన హెచ్‌బీఏ1సీ పక్కన పెట్టి చూస్తే ఎక్కువే. తండ్రి గానీ అన్నదమ్ములు గానీ 55 ఏళ్ల లోపు గుండెజబ్బు పాలైతే దాన్ని బలమైన కుటుంబ చరిత్రగా లెక్కిస్తాం. డాక్టర్ మీకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రాసే అవకాశం ఉంది. రాస్తే, వాట్సాప్‌లో వచ్చే కబుర్లు చూసి మధ్యలో ఆపేయకండి, ఒళ్లు నొప్పుల్లాంటివి ఏమైనా ఉంటే ఆయనకే చెప్పండి. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణాన్ని కొలిచే లైపోప్రోటీన్ ఏ అనే రక్తపరీక్ష కూడా ఒకసారి చేయించమని అడగండి. అది పుట్టుకతో వచ్చే గుణం, తిండితో పెద్దగా మారదు, అందుకే జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. మీలా ఇంట్లో చిన్న వయసు గుండెపోటు ఉన్నవారికి మెడ స్కానింగ్ కన్నా అది ఎక్కువ చెబుతుంది. 6.1 అంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. తెల్లవారుజామున ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవారిలో ఒకరు కండి, రాత్రి అన్నం సగం తగ్గించండి. ఆ గుమ్మం నుంచే షుగర్‌ను వెనక్కి పంపినవారు చాలామంది ఉన్నారు.

బావమరిది గారి సలహా ప్రేమతో ఇచ్చిందే. అయినా నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీలో బిగుతు, ఆయాసం లేని మనిషికి గోడ మందం చూసి యాంజియోగ్రామ్ చేయరు. అలాంటి లక్షణం ఏదైనా ఉండి నాకు రాయకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా గుండె డాక్టర్‌ను కలవండి. ఇక సెలైన్ ఎక్కించి రక్తనాళాలు శుభ్రం చేస్తామనేవారి దగ్గరికి వెళ్లవద్దు. కొవ్వు గోడ పైన పట్టిన మురికి కాదు, గోడ లోపల పొరల్లో ఉంటుంది, కడిగితే పోదు. ఆ మందు తప్పుగా ఎక్కిస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ డబ్బుతో మీ ఇంట్లోవారందరికీ ఏళ్ల తరబడి బీపీ మాత్రలు వస్తాయి.

మూడు నెలలకోసారి స్కానింగ్ కూడా వద్దు. గోడ ఏడాదికి 0.01 మిల్లీమీటరు మారితే మూడు నెలలకు మారేది మిల్లీమీటరులో నాలుగు వందల్లో ఒక వంతు. అంత తేడాను ఏ యంత్రమూ పట్టలేదు. కొలిచే చెయ్యి మారినా, కొలిచే చోటు కాస్త జరిగినా అంతకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది. ఈసారి 0.8 వస్తే పొంగిపోయి మందులు మానేస్తారు, 1.0 వస్తే కుంగిపోతారు. రెండూ నష్టమే. మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికైనా ఈ కొలత పనికిరాదు. ఎజెటిమైబ్ అనే కొలెస్ట్రాల్ మందు సంగతే చూడండి. 2008లో, స్టాటిన్‌కు దీన్ని జోడించి రెండేళ్లు వాడినా మెడ ధమని మందంలో తేడా రాలేదని ఒక పరీక్ష తేల్చింది. మందు వృథా అని పెద్ద గొడవే జరిగింది. 2015లో, గుండెపోటు లాంటి దాడి నుంచి బయటపడిన 18 వేలమందికి పైగా రోగుల మీద చూస్తే అదే మందు మళ్లీ వచ్చే గుండెపోట్లను, పక్షవాతాన్ని కొంత తగ్గించింది. గోడ కొలత మారకపోయినా మనుషులకు మేలు జరిగింది. వేలమంది సగటు చూసే పరిశోధకులకు ఈ కొలత ఉపయోగమే. మీ ఒక్కరి విషయంలో బీపీ, ఎల్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ అంకెలు చూసుకోండి, అవి నెలల్లోనే మారతాయి.

ఆ స్కానింగ్ కాగితం మాత్రం పారేయవద్దు. స్వీడన్‌లోని వాస్టర్‌బోటన్ ప్రాంతంలో మూడున్నర వేల మందికి మెడ స్కానింగ్ చేసి, సగం మందికి వారి రక్తనాళం పరిస్థితిని బొమ్మ గీసి చూపించారు, మిగతా సగానికి చూపించలేదు. 2019లో వెలువడిన ఫలితం ఏమిటంటే, బొమ్మ చూసినవారికి ఏడాది తర్వాత గుండెజబ్బు ముప్పు అంచనా రెండోవారికన్నా తక్కువగా ఉంది. కంటితో చూసినప్పుడు మందులు వేసుకోవాలని, అలవాటు మానాలని మనసుకు గట్టిగా అనిపిస్తుంది. మీ భయం కూడా అలా పనికి రావాలని నా కోరిక. సిగరెట్ పెట్టె ఎక్కడ పెడతారో అక్కడ ఆ కాగితం పెట్టండి.

మీ అన్నయ్య గారి అబ్బాయి గురించి చివరన ఒక్క వాక్యం రాశారు. నాకు అతని గురించే ఎక్కువ ఆలోచనగా ఉంది. తండ్రి 51కే పోయాడు, బాబాయి గోడ 46కే మందమైంది, అతనికి 24 ఏళ్లు, కూర్చునేది అదే కొట్లో. ఈ వయసులో అతనికి స్కానింగులు అక్కర్లేదు. బీపీ ఒకసారి, కొలెస్ట్రాల్, షుగర్, లైపోప్రోటీన్ ఏ ఒకసారి చూస్తే చాలు. యార్డుకు సెలవు రోజున మీరు పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెళ్లేటప్పుడు అతన్నీ వెంట తీసుకెళ్లండి. మీరు సిగరెట్ వెలిగించినప్పుడు అతను పక్కనే ఉంటున్నాడా, అతనికీ అలవాటైందా అన్నది కూడా ఆ దారిలోనే అడగండి.